షార్జా లాయం, రాజోలు గుడి

రాజోలు,
14 జూన్ 1998.

ప్రియమైన స్టెల్లాకు నాన్న దీవెనలు.

ఇక్కడ ప్రభువు దయవల్ల నేనూ అమ్మా క్షేమం. నీ ఉత్తరం వచ్చి చాలా కాలమైంది. వచ్చిన ఆఖరిది కూడా ఉత్తరంలా లేదు. క్షేమం, ఎండలు ఎక్కువ, అమ్మ మందులు వేసుకుంటోందా, అంతే. జీవితమంతా పిల్లల చేత వ్యాసాలు రాయించిన హెడ్మాస్టరు కూతురివి. నాకు రెండో పేజీ తిప్పే పని పెట్టకపోవడం ఏమీ బాగాలేదు.

నువ్వు చూసుకుంటున్న పెద్దావిడ ఎలా ఉన్నారు? పక్షవాతం వచ్చిన చెయ్యి కొద్దిగా లేపుతున్నారని క్రిస్మస్ ముందు వ్రాశావు. ఆ తర్వాత ఆవిడ ఊసే లేదు. నిన్ను మద్రాసు పంపి ఫిజియోథెరపీ చదివిస్తుంటే ఇక్కడ ‘ఒళ్ళు పట్టే చదువా మాస్టారూ’ అని నవ్వినవాళ్ళున్నారు. వాళ్ళందరికీ ఇప్పుడు నీ పేరు చెప్పడం నాకు సరదాగా ఉంది.

ఒక సంగతి నీకు తెలియాలి. గుడిలో నీ గురించి చెప్పేటప్పుడు నేను ‘షార్జా ఆస్పత్రిలో’ అంటున్నాను. నువ్వు ఉండేది ఒకరింట్లో అంటే ఇక్కడ అర్థం వేరు. మన వైపు నుంచి ఎంతమంది ఆడవాళ్ళు గల్ఫు వెళ్ళి అరబ్బుల ఇళ్ళల్లో అంట్లు తోముతున్నారో నీకు తెలుసు. నిన్నూ వాళ్ళలో కలిపేస్తారు. రోగి ఉన్నచోటే ఆస్పత్రి అని నా వాదన. సంఘ పెద్దనై ఉండి నేను అబద్ధం చెప్పలేదు, రోగి చుట్టూ నాలుగు గోడలు కట్టానంతే.

మన మిషన్ ఆస్పత్రిలో వచ్చే ఏప్రిల్‌కి ఫిజియోథెరపీ గది తెరుస్తున్నారు. ఆస్పత్రి కమిటీకీ, మన సంఘానికీ కూడా సెక్రటరీ వరప్రసాదం గారే. ‘మీ అమ్మాయి ఉండగా బయటివాళ్ళెందుకండీ’ అన్నారు. నేను ఆయ్, అలాగేనండి అన్నాను. ఆలోచించుకో అని వ్రాయడం లేదు, సిద్ధపడు అని వ్రాస్తున్నాను.

ముత్యాలరాజు కొడుకు వచ్చే వారం షార్జా వస్తున్నాడు. నువ్వు అడిగిన కొబ్బరినూనె అంబాజీపేట వెళ్ళి దగ్గరుండి ఆడించి రెండు డబ్బాలు అతనితో పంపుతున్నాను. ఇంత నూనె పట్టేటంత జుట్టు ఎప్పుడు పెరిగిందని అమ్మ అడుగుతోంది.

నాన్న


షార్జా,
20 జూలై 1998.

ప్రియమైన నాన్నగారికి, అమ్మకు స్టెల్లా వందనాలు.

నూనె చేరింది. రెండో పేజీ కావాలన్నారు కదా, ఈసారి నాలుగున్నాయి. కూర్చుని చదవండి.

పెద్దావిడ ఫిబ్రవరిలోనే పోయారు. నిద్రలో, బాధ లేకుండా. మీకు చెబితే వెంటనే వచ్చెయ్యమంటారని చెప్పలేదు. రావడం నాకు ఇష్టం లేదు.

ఆవిడ కొడుకుని ఇక్కడ అందరం అర్బాబు అంటాం, యజమాని అని. ఆయనకి ఊరి బయట గుర్రాల లాయం ఉంది. ఎడారిలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పరుగెత్తే పందేల గుర్రాలు. పెద్దావిడకి వాటిని చూడటం సరదా. రోజూ సాయంత్రం చక్రాల కుర్చీలో తీసుకెళ్ళేదాన్ని. అక్కడ మార్గరెట్ అనే తెల్లావిడ గుర్రాలకి వీపు పట్టేది. మొదటిసారి చూసి నవ్వాను. నాలుగు రోజులు చూశాక నవ్వు పోయింది. ఆవిడ వేళ్ళు వెళ్ళే దారి నాకు తెలిసిన దారే. మనిషికి వెన్నుకి రెండు వైపులా పొడుగ్గా కండలుంటాయి. గుర్రానికీ ఉంటాయి. జీను బరువుకి, మనిషి బరువుకి అవి బిగుసుకుపోతాయి. మనిషైతే అమ్మా అంటాడు, గుర్రం తన్నుతుంది. అంతే తేడా.

పెద్దావిడ పోయాక అర్బాబు నాకు టికెట్టు కొనిస్తానన్నారు. టికెట్టు వద్దు, లాయంలో పని ఇవ్వండి అన్నాను. ఆడపిల్లకి లాయంలో పనేమిటన్నారు. మార్గరెట్ ఆడది కాదా అన్నాను. ఆవిడ తెల్లావిడ అని ఆయన పైకి అనలేదు గానీ మా ఇద్దరికీ వినపడింది. మార్గరెట్టే కల్పించుకుని, ‘ఈ పిల్ల చేతులు నాకు కావాలి’ అంది.

నాన్నగారూ, నేను గుర్రాలకి మాలీషు చేస్తున్నాను. ఈ వాక్యం చుట్టూ గోడలు కట్టకుండా ఇంకోసారి చదవండి.

ఇక్కడ రీమ్ అని ఒక బూడిదరంగు ఆడగుర్రం ఉంది. ఎవరు చెయ్యి వేసినా చెవులు వెనక్కి పెట్టేది. మొదటి వారం నేను దాని పక్కన నిలబడి మెడ మీద చెయ్యి ఆనించడం తప్ప ఏమీ చెయ్యలేదు. ఇప్పుడు నేను వీపు పడుతుంటే తల దించేస్తుంది, పెదవులు నాక్కుంటుంది, నోరంతా తెరిచి ఆవలిస్తుంది. ఒక జీవి నొప్పి వదిలి నా ముందు ఆవలిస్తుంటే నాకు కలిగే సంతోషం మద్రాసులో పరీక్ష పాసైనప్పుడు కూడా కలగలేదు.

మీ నుంచి నాకు కావలసింది ఒక్కటే. గుడిలో ఆస్పత్రి అనడం మానెయ్యండి. ‘మా అమ్మాయి షార్జాలో గుర్రాలకి మాలీషు చేస్తుంది’ అని అందరి ముందూ మీ నోటితో చెప్పండి. ఇంకెవరు చెప్పినా నాకు లెక్క లేదు.

మీ
స్టెల్లా


రాజోలు,
16 ఆగస్టు 1998.

స్టెల్లాకు,

నీ ఉత్తరం అందింది. అమ్మకి సగం దాకా చదివి వినిపించాను. మిగతా సగం మడిచి జేబులో పెట్టుకున్నాను.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. చెప్పకపోవడం వల్లే నీకు ఇంత ధైర్యం వచ్చింది. మీ తాత పాలేరు అని నీకు తెలుసు. ఏం చేసే పాలేరో తెలియదు. ఆసామి గారి గుర్రాన్ని చూసేవాడు. ఆయన గుర్రమెక్కి చేలు చూడబోతే మా నాన్న గట్ల మీద దాని పక్కనే పరుగెత్తేవాడు. తిరిగొచ్చాక దాని కాళ్ళూ వీపూ పిసికి, లద్ది ఎత్తి, అప్పుడు ఇంటికొచ్చేవాడు. గుర్రానికి ఉలవలు ఉడికేవి. మాకు గంజి. ఒకనాడు గుర్రం కుంటుతోందని ఆసామి గారు మా నాన్న చెంప మీద కొట్టారు. ఆ వైపు చెవి మళ్ళీ వినపడలేదు. గుర్రాన్ని మాత్రం ఏమీ అనలేదు. ఆ మర్నాడే మా నాన్న నన్ను తీసుకెళ్ళి మిషన్ బడిలో వేశాడు. ‘వీడు గుర్రం మొహం చూడకూడదండి’ అని బడి అయ్యగారితో చెప్పాడు. నేను పక్కనే ఉండి విన్నాను.

ఆ మాట నేను నిలబెట్టాను. నువ్వు విమానం ఎక్కి వెళ్ళి మరీ దాన్ని తీసేశావు. పైగా సంతోషంగా ఉందంటున్నావు. మా నాన్న చేసిన పని సంతోషానికి చేసింది కాదు. దానికి సంతోషమని పేరు పెడితే నాకు ఒళ్ళు మండుతోంది.

నువ్వు చెప్పమన్న మాట గుడిలో నా నోటి వెంట రాదు. నువ్వు నాలుగు పేజీలు వ్రాసినా, నలభై వ్రాసినా రాదు. ఏప్రిల్‌లో ఆస్పత్రి గది తెరుస్తారు. ఆలోగా వచ్చెయ్యి. నువ్వొచ్చి ఆ కుర్చీలో కూర్చుంటే నేను అన్న ఆస్పత్రి మాట ఎలాగూ నిజమే అవుతుంది.

నాన్న


రాజోలు,
2 నవంబర్ 1998.

అమ్మలూ స్టెల్లా, అమ్మ రాసేది.

నాన్నగారు పెన్షన్ పని మీద అమలాపురం వెళ్ళేరు. ఆయన వచ్చేలోగా ఇది పోస్టు చెయ్యాలి, అందుకే గొలుసు రాత. ఏమీ అనుకోకు.

మొన్న గుడిలో కోత పండగ అయింది. నాన్నగారు నీ పేరున కృతజ్ఞత కానుక వేసేరు. పాస్టరు గారు అందరికీ వినబడేలా ‘షార్జా ఆస్పత్రిలో రోగులను బాగుచేయుచున్న మన సహోదరి స్టెల్లా’ అని చదివేరు. అందరూ ఆమెన్ అన్నారు. నాన్నగారూ అన్నారు. నేను అనలేదు. నేను అనలేదని ఆయన చూసేరు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని కెలికి లేచిపోయేరు. పీతల ఇగురు నువ్వు రాసిన ఆ గుర్రానికి పెట్టినా తింటుంది, ఈయన తినలేదు.

నువ్వు రాసిన ఉత్తరం నాకు సగమే వినిపించేరు కదా. మిగతాది నేను చదివేశాను. నాకు చదువు రాదనుకుంటారు గానీ నీ అక్షరాలు బాగా తెలుస్తాయి. ఈయన కూడా దాన్ని వదలడం లేదు, రోజూ తీసి చూస్తున్నారు. చూసి కోపంగా మడత పెడతారు. నేను చూడలేదనుకుంటున్నారు.

ఒక మాట అడుగుతాను నవ్వకు. ఆ గుర్రం కరవదు కదా. నువ్వు చిన్నప్పుడు దూడకే భయపడేదానివి.

నేను రాసినట్టు ఆయనకి తెలియనివ్వకు.

అమ్మ
రత్నమాల


షార్జా,
25 నవంబర్ 1998.

ప్రియమైన నాన్నగారికి,

తాత గురించి చదివి చాలా ఏడ్చాను. తర్వాత కోపం వచ్చింది. తాత చెవి పోగొట్టింది గుర్రం కాదు నాన్నగారూ, ఆసామి. మీరు ఇన్నేళ్ళూ కోపం గుర్రం మీద పెట్టుకుని, ఆ ఆసామి మనవలు ఎదురైతే నమస్కారం పెడుతున్నారు.

తాతకి ఈ పని వద్దనే వీలు లేదు. నాకుంది. అర్బాబు టికెట్టు కొనిస్తానన్నారు, మీరు ఊళ్ళో ఉద్యోగం సిద్ధం చేశారు. అయినా నేను ఈ పని వద్దనలేదు. నేనూ తాతా చేసేది ఒకే పని కావచ్చు, నన్ను ఎవరూ కొట్టి చేయించడం లేదు. ఎవరైనా చెయ్యెత్తితే ఏం చేస్తానో మీకు తెలుసు, మీరే పెంచారు.

ఇప్పుడు మీరు సంతోషించే కబురు చెబుతాను. నేను తప్పు చేశాను.

ఆ కొబ్బరినూనె అడిగింది జుట్టుకి కాదు. మన వైపు ఒంటికి ఏమొచ్చినా ముందు కొబ్బరినూనె గోరువెచ్చగా చేస్తాం. పసిబిడ్డకైనా, బాలింతకైనా, చెట్టు మీంచి పడ్డవాడికైనా. గుర్రానికి పొడి చేతులతోనే మాలీషు చెయ్యాలని మార్గరెట్ మొదటిరోజే చెప్పింది. నాకు మాత్రం అన్నంలో ఉప్పు మరిచిపోయినట్టు ఉండేది. వీళ్ళకి మన నూనె సంగతి తెలియదు, అందుకే వద్దంటున్నారనుకున్నాను. ఆవిడ సెలవు మీద వెళ్ళగానే ఒకరోజు సాయంత్రం రీమ్ వీపుకి అంబాజీపేట నూనె బాగా పట్టించాను. నిగనిగలాడిపోయింది. నాకెంత ముచ్చటేసిందో.

పొద్దున్నే దాని మీద జీను వేశారు. కొంచెం దూరం వెళ్ళేసరికి నూనె మీద జీను జారి పక్కకి తిరిగిపోయింది. అర్బాబు మేనల్లుడు కిందపడి భుజం విరిగింది. నూనెకి ఇసుక అంటుకుని, దాని మీద జీను రాసుకుని రీమ్ వీపు పుండు పడింది. ఎండకి చుట్టూ బొచ్చు కూడా ఊడింది. నా చేతులారా చేశాను. ఆ పుండు చూస్తే మీ ఉత్తరం ముందు ఏడ్చిన దానికన్నా ఎక్కువ ఏడుపొచ్చింది.

అర్బాబు నన్ను లాయంలోకి రావద్దన్నారు. వాళ్ళింటికెళ్ళి వంటింట్లో ఉండమన్నారు. నేను కదలలేదు. ‘తప్పు నాది. ఆ పుండు మానేదాకా రీమ్‌ని నేనే చూస్తాను. మానాక మళ్ళీ జీను వేసి చూడండి. అప్పుడూ నచ్చకపోతే పంపెయ్యండి. వంటింట్లోకి మాత్రం వెళ్ళను’ అన్నాను. ఆయన, మీ ఊరి ఆడవాళ్ళందరూ ఇలాగే మాట్లాడతారా అన్నారు. మా అమ్మ ఇంకా గట్టిగా మాట్లాడుతుందన్నాను. ప్రస్తుతం రీమ్ ఒక్కదాన్ని నాకు వదిలారు.

ఇక అసలు సంగతి. కోత పండగలో నా పేరున ఏం చదివారో తెలిసింది. ఎలా తెలిసిందో అడగకండి. జరగని పనికి దేవుడికి కృతజ్ఞత చెబితే ఆయన ఏం చేసుకుంటాడు? జరిగిన పని ఇంతుంది కదా.

మేలో సెలవుకి వస్తున్నాను. గుడికి వస్తాను. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ నా పనేమిటో చెబుతాను. అంతకుముందే మీరు చెప్పి ఉంటే మీ కూతురిగా పక్కన కూర్చుంటాను. లేకపోతే మా నాన్న మాట అబద్ధమని అందరి ముందూ చెప్పడానికి వచ్చినదాన్నవుతాను. అది నాకు బొత్తిగా ఇష్టం లేదు. అయినా చెబుతాను.

మీ
స్టెల్లా


రాజోలు,
18 డిసెంబర్ 1998.

స్టెల్లాకు,

క్రిస్మస్ శుభాకాంక్షలు.

ఆసామి మనవలు నా శిష్యులు. నమస్కారం ముందు వాళ్ళు పెడతారు, నేను తిరిగి పెడతాను. తెలియకుండా వ్రాయకు.

ఏప్రిల్ సంగతి వరప్రసాదం గారికి మాట ఇచ్చాను. మాట వెనక్కి తీసుకునే అలవాటు నాకు లేదు.

గుర్రాల విషయం ఇకమీదట నాకు వ్రాయవద్దు. వ్రాస్తే చదవను. జీను వేసే వీపుకి ఎవరైనా నూనె రాస్తారా? పుండు మానిందా?

బి. జ్ఞానప్రకాశం


షార్జా,
17 ఫిబ్రవరి 1999.

ప్రియమైన నాన్నగారికి,

పుండు మానింది. గుర్రాల విషయం వ్రాయవద్దని చెప్పి ఆ కిందే మీరు అడిగారు కాబట్టి ఈ ఉత్తరం నిండా గుర్రాలే ఉంటాయి. చదవకపోతే అమ్మకివ్వండి, అమ్మ చదువుతుంది.

మీరు నన్ను ఏ పనిలోంచి లాగెయ్యాలని చూస్తున్నారో అదేమిటో పూర్తిగా తెలిసి లాగండి. అందుకే పాఠం చెప్పినట్టు చెబుతున్నాను.

గుర్రం దగ్గరికి వెనక నుంచి వెళ్ళకూడదు. దానికి కనపడేలా భుజం వైపు నుంచి వెళ్ళాలి. వెళ్ళగానే పని మొదలుపెట్టకూడదు. మూపు మీద అరచెయ్యి ఆనించి ఊరికే నిలబడాలి, దాని ఊపిరి మనకి తెలిసేదాకా. తర్వాత వెన్నెముకకి పక్కగా, ఎముక మీద ఎప్పుడూ కాదు, పక్కనున్న కండ మీద అరచేతిని మెల్లగా నడుము దాకా తీసుకెళ్ళాలి. బొచ్చు వాలిన వైపే. ఒక చెయ్యి పనిచేస్తుంటే రెండోది గుర్రం మీదే ఉండాలి, తీస్తే అది ఉలిక్కిపడుతుంది. ఎక్కడో ఒకచోట కండ అదురుతుంది, లేదా చెక్కలా గట్టిగా తగులుతుంది. అక్కడ బలం చూపించకూడదు. అక్కడ చెయ్యి ఉంచి ఆగాలి. గుర్రం ఒప్పుకుంటేనే కొంచెం కొంచెం నొక్కాలి. వేడిగా ఉన్నా, వాచినా ముట్టుకోకుండా పశువుల డాక్టరుని పిలవాలి. తల దించిందంటే, ముక్కుతో పెద్దగా ఊపిరి వదిలిందంటే అది మనల్ని నమ్మింది. నాకు ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైంది ఆగడమే. మన ఇంట్లో ఎవరికీ ఆగడం రాదు కదా.

పోయిన వారం రీమ్‌ని పందేనికి తీసుకెళ్ళారు. గెలవలేదు. చాలా గుర్రాల వెనకాల వచ్చింది. కానీ చివర్న డాక్టరు వీపంతా నొక్కి చూస్తే ఎక్కడా అదరలేదు, కుంటలేదు. దాని ముందు వచ్చినవాటిలో కొన్ని కుంటుతూ వచ్చాయి. మర్నాడు అర్బాబు లాయంలోని మిగతా గుర్రాలు కూడా నా దగ్గరికే పంపారు. మార్గరెట్ తన దేశం వెళ్ళిపోతోంది, ఇక నేనే.

ఆస్పత్రి ఉద్యోగం నాకు వద్దని వరప్రసాదం గారికి నేనే నేరుగా ఉత్తరం వ్రాశాను. ఎందుకు వద్దో వ్రాయలేదు. ఆయన మిమ్మల్ని అడుగుతారు. అది చెప్పే పని మీది. మే మొదటి వారానికి టికెట్టు తీసుకున్నాను.

మీ
స్టెల్లా


రాజోలు,
30 మార్చి 1999.

ప్రియమైన నా కూతురు స్టెల్లాకు,

నువ్వు గెలిచానని అనుకోకముందే చెబుతున్నాను, ఇది నువ్వు అడిగినందుకు వ్రాస్తున్న ఉత్తరం కాదు. జరిగింది జరిగినట్టు నా నోటితో చెబితేనే బాగుంటుంది, అమ్మ వ్రాస్తే దానికి పీతల ఇగురు కలుస్తుంది. ఆవిడ నీకు వ్రాస్తోందని నాకు తెలుసు.

మొన్న మట్టల ఆదివారం. ప్రభువు గాడిద నెక్కి యెరూషలేము వచ్చినట్టు ఊరేగింపు చెయ్యాలని ఈసారి కుర్రవాళ్ళు ముచ్చటపడ్డారు. చుట్టుపక్కల ఎక్కడా గాడిద దొరకలేదు. చాకలివాళ్ళందరూ మోపెడ్లు కొన్నారు. వరప్రసాదం గారు, ‘గాడిద లేకపోతే గుర్రం చాలదాండీ, ఇంకా బాగుంటుంది’ అని కొత్తపేట నుంచి పెళ్ళిళ్ళకి తిప్పే గుర్రాన్ని మాట్లాడేరు. ప్రభువు గాడిద ఎక్కిందే గుర్రం ఎక్కకూడదని, గుర్రం యుద్ధానికి ఎక్కేదని నేను కమిటీలో గట్టిగా వాదించాను. నా మాట సాగలేదు. గుర్రం ఎదురుపడటం నాకు ఇష్టం లేక కూడా వాదించాననుకో.

ఆదివారం ఉదయం శ్రీరాములు అనే అతను దాన్ని తీసుకొచ్చాడు. తెల్ల గుర్రం, నెత్తిన ఇంకా పెళ్ళి కుచ్చులు ఉన్నాయి. ఊరూరా పెళ్ళికొడుకుల్ని మోసి మోసి వచ్చింది. ప్రభువు వేషానికి డ్రిల్లు మాస్టారు యేసురత్నాన్ని పెట్టారు. మనిషి ఎంత లావో నీకు తెలుసు. అతను కాలెత్తగానే గుర్రం చెవులు వెనక్కి పెట్టి పక్కకి జరిగింది. మళ్ళీ ఎక్కబోతే వెనక కాలు విసిరింది. శ్రీరాములు కళ్ళెం పట్టి గుంజాడు. కుర్రవాళ్ళు వెనక నుంచి కొబ్బరి మట్టలతో కొట్టడం మొదలుపెట్టారు. హోసన్నా అంటూనే కొడుతున్నారు.

దాని వీపు అదరడం నాకు కనపడింది. అంతమందిలో అది చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఎక్కడ చూడాలో నాకు తెలుసు కాబట్టి కనపడింది. నా చేతిలోని మట్ట పారేసి ‘ఆపండి’ అన్నాను. బడిలో అరిచినట్టే అరిచాను, అందరూ ఆగారు. కుచ్చులు, జీను తీయించాను. భుజం వైపు నుంచి వెళ్ళి మూపు మీద చెయ్యి ఆనించాను. చాలాసేపు అలాగే నిలబడ్డాను. తర్వాత నువ్వు చెప్పిన దారిలోనే చెయ్యి తీసుకెళ్ళాను. వెన్నుకి ఎడమ పక్కన, జీను చివర ఆనే చోట చెక్కలా తగిలింది. అక్కడ ఆగాను. వెనకాల సంఘమంతా పాట పాడేసి, ఇంకేం చెయ్యాలో తెలియక అదే పాట మళ్ళీ ఎత్తుకుంది. పాట సగంలో ఉండగా గుర్రం తల దించి నా చొక్కా మీదే పెద్దగా ఊపిరి వదిలింది.

‘మాస్టారూ, ఈ విద్య మీకెక్కడిదండీ’ అన్నాడు శ్రీరాములు.

‘మా అమ్మాయి నేర్పిందండి. షార్జాలో గుర్రాలకి మాలీషు చేస్తుంది. అదే ఆవిడ ఉద్యోగం’ అన్నాను.

పాట ఆగిపోయింది. వరప్రసాదం గారు దగ్గరికొచ్చి మెల్లగా, ‘ఆస్పత్రి అన్నారు కదండీ’ అన్నారు. నేను మెల్లగా చెప్పలేదు. ‘అన్నానండి. అబద్ధం చెప్పేను. ఆస్పత్రి లేదు. గుర్రాలే’ అన్నాను. ఎవరో కిసుక్కుమన్నారు. ఎవరో చూసుకుని, బడిలో ఏ తరగతి చదివేటప్పుడు వాడు ఎన్నిసార్లు తప్పాడో అక్కడే చెప్పాను. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. యేసురత్నం ఊరేగింపంతా నడిచే వచ్చాడు. గుర్రం అతని వెనక ఖాళీ వీపుతో నడిచింది. నాకది గాడిదకన్నా బాగుందనిపించింది.

గుడిలోకి వెళ్ళాక పాస్టరు గారు పాపం సర్దబోయారు. ‘మన స్టెల్లాకి త్వరలో మంచి ఉద్యోగం దొరకాలని ప్రార్థన చేద్దామండీ’ అన్నారు. నేను లేచి నిలబడ్డాను. ‘మంచి ఉద్యోగం వచ్చేసిందండి. ప్రార్థన అక్కర్లేదు, కృతజ్ఞత చెప్పండి’ అన్నాను. ఆయన కాస్త తడబడి, గుర్రాల పేరెత్తి మరీ చెప్పారు. అమ్మ ఆమెన్ అంది. గుడంతా వినపడేలా అంది. ఆ తర్వాత ఆడవాళ్ళ వైపు నుంచి ఒక్కొక్కరే అన్నారు. మగవాళ్ళు తక్కువ.

సాయంత్రం కమిటీ కూర్చుంది. కోత పండగలో దేవుని సన్నిధిలో అబద్ధం చదివించినందుకు సంఘ పెద్దగా ఉండకూడదన్నారు. న్యాయమే, ఒప్పుకుని సంతకం పెట్టాను. అమ్మాయిని ఇటువంటి పనికి వదిలినందుకు కూడా విచారం తెలపమన్నారు. దానికి పెట్టను అని కలం మూసేశాను. వరప్రసాదం గారు ‘ఒక్క మాటే కదండీ’ అని బతిమాలారు. ఒక్క మాట కాబట్టే పెట్టనన్నాను. ఇరవై ఏళ్ళు ఆ కుర్చీలో కూర్చున్నాను. లేచేటప్పుడు మోకాళ్ళు పట్టేశాయి గానీ ఇంకేమీ అనిపించలేదు. నిజం చెప్పాలంటే అనిపించింది, చుట్టుదారిన ఇంటికొచ్చాను.

శ్రీరాములు నిన్న సాయంత్రం గుర్రాన్ని మన ఇంటి ముందుకి తీసుకొచ్చి కట్టాడు. పశువుల డాక్టరుకి చూపించాం, వాపేమీ లేదు, నడుము పట్టేసిందన్నాడు. ఎడమ వైపు గట్టితనం కొంచెం తగ్గింది. కుడి వైపు చెయ్యి వెయ్యనివ్వడం లేదు. ఏం చెయ్యాలో వెంటనే వ్రాయి. నీకు ఆలస్యమవుతుందనుకుంటే ముత్యాలరాజు ఇంటికి ఫోన్ చెయ్యి, పిలుస్తారు.

మేలో గుడికి వచ్చినప్పుడు నన్ను ముందు కుర్చీల్లో వెతక్కు. ఇకమీదట వెనక తలుపు దగ్గర చాప మీద కూర్చుంటాం. నీకూ చోటుంది, చెప్పులు బయట విడిచి నేరుగా వచ్చెయ్యి.

మీ నాన్న